సీరియల్ పాత్రకు డిమెన్షియా వచ్చిందంటే వీడ్కోలేనా?

ఏళ్ల తరబడి నడుస్తున్న సీరియల్‌లో ఒక పాత కాపు లాంటి పాత్ర ఉన్నట్టుండి తెలిసిన మనిషి పేరు కోసం తడుముకుంటుంది. నాలుగు ఎపిసోడ్లయ్యాక కట్టిన బిల్లే మళ్లీ కడుతుంది. ఇంకొన్నాళ్లకు రోజూ నడిచే వీధిలోనే దారి తెలియక నిలబడిపోతుంది. ఇక చూసేవాళ్లలో ఒకటే చర్చ: ఈ పాత్రను పంపించేస్తున్నారా?

అనుమానం ఊరికే పుట్టలేదు. బ్రిటన్ సీరియళ్లు 'కొరొనేషన్ స్ట్రీట్'లో మైక్ బాల్డ్విన్, 'ఎమ్మర్‌డేల్'లో యాష్లీ థామస్, 'క్యాజువాల్టీ'లో డఫీ, ఆస్ట్రేలియా 'నైబర్స్'లో డగ్ విల్లిస్, అమెరికా సీరియళ్లు 'జనరల్ హాస్పిటల్'లో మైక్ కార్బిన్, 'ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్'లో డైనా మెర్గెరాన్ అందరూ డిమెన్షియా ట్రాక్‌లోనే కథ ముగించుకున్నారు. కానీ ఈ ఆరుగురి కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మొదటి నలుగురి విషయంలో జబ్బు దారి వేసిందంతే. గడప దాటించింది వేరే: గుండెపోటు, న్యుమోనియా, చలి, పేలుడు. డిమెన్షియా అంటే మతి నెమ్మదిగా క్షీణించే జబ్బు. సీరియల్‌కు మాత్రం వీడ్కోలు ఫలానా రోజు, ఫలానా ఎపిసోడ్‌లో జరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు కాబట్టే రచయితలకు రెండో కారణం అవసరమవుతుంది. మతిమరుపు సీన్లను చూసి 'పాత్ర వెళ్లిపోతోంది' అని తేల్చలేం. ఆ రెండో కారణానికి ఏర్పాట్లు మొదలయ్యాయా లేదా అన్నది చూడాలి.

నిర్ధారణ దాకా అంతా అనుమానమే

డిమెన్షియాలా కనిపించి నయమైపోయేవి చాలా ఉన్నాయి. బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, డిప్రెషన్, కొన్ని రకాల మందులు, మెదడులో నీరు చేరడం, తలకు చిన్న దెబ్బ తగిలాక పుర్రె లోపల నెమ్మదిగా రక్తం గడ్డకట్టడం. వీటిలో ఏదైనా సరే పెద్ద వయసు మనిషిని అయోమయంలోకి నెట్టగలదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే మనిషిని తలకిందులు చేస్తుంది. దాన్ని డెలిరియం అంటారు. గంటల్లో, రోజుల్లో ముంచుకొస్తే డెలిరియం, నెలల్లో, ఏళ్లలో కమ్ముకొస్తే డిమెన్షియా అని స్థూలంగా గుర్తుపెట్టుకోవచ్చు.

రచయితల గదిలో ఈ తేడా విలువ తెలుసు. పాత్ర పేర్లు మరిచిపోయే నాలుగైదు సీన్లు రాసి, ప్రేక్షకుల స్పందన చూసి, నటుడి కాంట్రాక్టు సంగతి తేలాక 'విటమిన్ లోపం' అని వెనక్కి తిరగవచ్చు. స్కాన్ తీసి, మెమరీ క్లినిక్‌లో డాక్టర్ జబ్బు పేరు చెప్పేశాక మాత్రం వెనుదిరిగే దారి మూసుకుపోతుంది. అందుకే నిర్ధారణ సీన్ ప్రసారమయ్యే వరకు అది వీడ్కోలు అవకాశమే తప్ప వీడ్కోలు కాదు.

బ్రిటన్‌లో అసలు ప్రక్రియ ఇలా సాగుతుంది. మొదట ఫ్యామిలీ డాక్టర్ రక్తపరీక్షలతో పైన చెప్పిన కారణాల్ని ఒక్కొక్కటే కొట్టేస్తారు. తర్వాత మెమరీ క్లినిక్‌కు రాస్తారు. అక్కడ 30 మార్కుల మోకా పరీక్షలాంటిది పెడతారు. అందులో 26, ఆపైన వస్తే మామూలుగానే ఉన్నట్టు లెక్క. గుండ్రని గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటారు. ఐదు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడుగుతారు. 100 లోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటారు. సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తారు. ఇంట్లో దగ్గరివాళ్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సీరియల్‌లో ఇదంతా ఒకే ఎపిసోడ్‌లో అయిపోతే రచయితలు తొందరలో ఉన్నట్టు. గడియారం గీసే పరీక్ష చూపించి, అందులో అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేసిన కాగితాన్ని కొన్ని క్షణాలు తెరమీద నిలిపితే ట్రాక్ మీద గట్టిగా పని జరిగిందని అర్థం చేసుకోవచ్చు.

ఏ రకమో చెబితే ఎంతకాలమో తెలుస్తుంది

డిమెన్షియా అనేది ఒకే జబ్బు కాదు, కొన్ని జబ్బుల గుంపుకు పెట్టిన పేరు. వాటిలో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్. రచయితలు ఏ రకాన్ని ఎంచుకున్నారన్నదే పాత్ర ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పే మొదటి ఆధారం.

అల్జీమర్స్ అయితే లక్షణాలు మొదలయ్యాక సగటున 8 నుంచి 10 ఏళ్లు బతుకుతారని లెక్క. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం మిగులుతాయి. వాస్క్యులర్ డిమెన్షియా మెదడుకు రక్తప్రసరణ తగ్గడం వల్ల వస్తుంది. సగటు ఐదేళ్ల చుట్టూ ఉంటుంది. పైగా అది తరచూ మెట్లు దిగినట్టు సాగుతుంది: కొన్నాళ్లు ఉన్నచోటే ఉండి, ఒక చిన్న పక్షవాతంతో హఠాత్తుగా ఒక మెట్టు దిగిపోతుంది. సీరియల్‌కు ఇంతకంటే అనుకూలమైన రకం లేదు. ప్రతి మెట్టూ ఒక శుక్రవారం ఎపిసోడ్ ముగింపు అయిపోతుంది. స్ట్రోక్ గానీ గుండెజబ్బు గానీ రక్తనాళాల సమస్యలోంచే వస్తాయి కాబట్టి రెండో కారణం కూడా ఆ జబ్బులోనే సిద్ధంగా ఉంటుంది. యాష్లీకి వాస్క్యులర్ డిమెన్షియానే పెట్టడంలో కథ అవసరం కూడా కనిపిస్తుంది.

లూయీ బాడీ రకంలో లేని మనుషులు, జంతువులు కళ్లముందు కనిపిస్తాయి, నడక పార్కిన్సన్స్‌లా మారుతుంది, ఒకే రోజులో ఉదయం బాగుండి సాయంత్రానికి తేడా చేస్తుంది. మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు వీళ్లకు ప్రమాదకరం. నాటకీయతకు లోటు లేకపోయినా ఈ రకాన్ని సీరియళ్లు ముట్టుకోవడం తక్కువే. భ్రాంతుల్ని దయ్యాల కథలా కాకుండా చూపించడం కష్టం. ఫ్రంటోటెంపోరల్ రకంలో మతిమరుపు కంటే ముందు ప్రవర్తన గానీ మాట గానీ మారుతుంది. సభ్యత తప్పడం, తిండి మీద అదుపు పోవడం, ఎదుటివాడి బాధ పట్టకపోవడం. ముప్పై ఏళ్లు మంచివాడిగా ఉన్న పాత్రను ఏడాదిపాటు అందరూ అసహ్యించుకునేలా చేసి, తర్వాత అది జబ్బు అని చెప్పాలంటే నిర్మాతకు గుండె ధైర్యం కావాలి. సరిగ్గా చేయగలిగితే మాత్రం దీన్ని మించిన డిమెన్షియా కథ ఉండదు.

65 ఏళ్లలోపు మొదలైతే దాన్ని యంగ్ ఆన్‌సెట్ అంటారు. బ్రిటన్ సీరియల్ 'ఈస్ట్‌ఎండర్స్' ఎంచుకున్నది ఇదే. 1992 నుంచి 1998 దాకా ఉన్న నైజెల్ బేట్స్ పాత్రను పాల్ బ్రాడ్లీతోనే 2024 డిసెంబర్‌లో వెనక్కి తెచ్చి, ఈ జబ్బు ఉన్నట్టు చూపించారు. డిమెన్షియా యూకే అనే స్వచ్ఛంద సంస్థ సలహాలు తీసుకున్నారు. ఉన్న పాత్రను పంపడానికి జబ్బును తేలేదు, జబ్బు కథ చెప్పడానికే పోయిన పాత్రను తెచ్చారు. డిమెన్షియా అనగానే నిష్క్రమణే అనుకునేవాళ్లకు ఇది మంచి జవాబు.

ఇప్పటిదాకా ఎవరెలా వెళ్లారు

'కొరొనేషన్ స్ట్రీట్' 1960 డిసెంబర్ 9న మొదలైంది. మైక్ బాల్డ్విన్‌గా జానీ బ్రిగ్స్ 1976లో వచ్చాడు. ఫ్యాక్టరీ యజమాని, నోటి దురుసు, ఆడవాళ్ల వెంటపడే మనిషి. 2006 ఏప్రిల్‌లో ఆ పాత్ర వీధిలో గుండెపోటుతో, తన పాత శత్రువు కెన్ బార్లో చేతుల్లో చనిపోయింది. అంతకుముందే అల్జీమర్స్ బయటపడింది, న్యుమోనియా వచ్చింది, ఆసుపత్రి నుంచి బయటికొచ్చేశాడు. జబ్బు బయటపడడం నుంచి చావు దాకా నెలల్లోనే అయిపోయింది. వైద్యపరంగా చూస్తే బాగా తొందర. కథాపరంగా మాత్రం ఆ ఆఖరి సీన్ ఒక పెద్ద పని చేసింది. 1983లో కెన్ భార్య డియర్‌డ్రి కోసం కెన్, మైక్ పోటీపడినప్పుడు ఆ గొడవ దేశం మొత్తానికి సొంత గొడవైపోయింది. డియర్‌డ్రి భర్త దగ్గరే ఉండిపోయిన రాత్రి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం స్కోర్‌బోర్డు మీద కెన్‌కు 1, మైక్‌కు 0 అని వేశారు. చనిపోయే క్షణంలో మైక్ మనసు ఆ 1983లోనే ఉంది, డియర్‌డ్రి తనదే అనుకుంటూ పోయాడు. కొత్తవి చెరిగి పాతవి మిగలడమనే అల్జీమర్స్ లక్షణాన్ని సీరియల్ తన సొంత చరిత్రతో ముడివేసింది.

యాష్లీ కథ దీనికి పూర్తిగా ఎదురు. జాన్ మిడిల్టన్ 1996 నుంచి చేసిన ఊరి చర్చి ఫాదర్ పాత్ర అది. 2015లో జబ్బు మొదలు, 2017 ఏప్రిల్‌లో చావు. మధ్యలో దాదాపు రెండేళ్లు. భార్య లారెల్ గర్భవతి కావడం, ప్రసంగంలో మాటలు జారిపోవడం, పిల్లలు భయపడడం, తండ్రి శాండీ కళ్లముందే కొడుకు కరిగిపోవడం అన్నింటికీ చోటు దొరికింది. అల్జీమర్స్ సొసైటీ సలహాలిచ్చింది. 2016 డిసెంబర్‌లో మొత్తం యాష్లీ కళ్లలోంచి నడిచే ఎపిసోడ్ ఒకటి వచ్చింది. అందులో ఇంట్లో మనుషుల పాత్రల్లోకి హఠాత్తుగా వేరే నటులు వచ్చేస్తారు. చూసేవాళ్లకు కూడా కాసేపు ఎవరు ఎవరో తెలియదు. మతిమరుపును బయటినుంచి జాలిగా చూసే పద్ధతిని పక్కనపెట్టి, లోపలి అయోమయాన్ని ప్రేక్షకుడి నెత్తిన పెట్టిన ప్రయోగం అది. దానికి పెద్ద గ్రాఫిక్స్ ఏమీ అక్కర్లేదు. నటుల్ని మార్చాలి, సెట్‌లో వస్తువుల చోట్లు మార్చాలి, గడియారంలో టైము ముందుకీ వెనక్కీ దూకాలి, అంతే.

'క్యాజువాల్టీ'లో డఫీ 1986 నాటి మొదటి ఎపిసోడ్ల నర్సు. కేథీ షిప్టన్ చేసిన ఆ పాత్ర 2020లో ఇంటినుంచి బయటికెళ్లి చలికి బలైంది. ఆసుపత్రి సీరియల్ కాబట్టి ఆమె వృత్తి నైపుణ్యం జబ్బులో కూడా కొంత మిగిలి ఉండడాన్ని వాడుకున్నారు. చేతులు నేర్చిన పని తల మరిచిపోయాక కూడా కొన్నాళ్లు ఉంటుందన్నది వైద్యంలోనూ నిజమే. ఆస్ట్రేలియా 'నైబర్స్'లో 1990 నాటి డగ్ విల్లిస్‌ను 2016లో అల్జీమర్స్‌తో చూపించి, ఆఖరికి హోటల్ పేలుడులో చంపారు. నిజానికి అది కథను మధ్యలో తుంచేయడమే. మతిమరుపును అంత ఓపిగ్గా పెంచి, చివరికి ఒక భారీ ప్రమాదం ఎపిసోడ్‌లో బలిగా వాడుకుంటే ముందు కట్టినదంతా వృథా అవుతుంది.

అమెరికా పగటి సీరియళ్లలో పద్ధతి వేరు. అక్కడ జబ్బును చివరిదాకా నడవనిచ్చారు. 'జనరల్ హాస్పిటల్'లో సోనీ కొరింతోస్ తండ్రి మైక్‌గా మ్యాక్స్ గెయిల్ 2018లో వచ్చాడు. 2020 సెప్టెంబర్‌లో పాత్ర చనిపోయింది. తినడం మానేసిన మనిషికి గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాలా వద్దా అన్న కుటుంబ నిర్ణయమే ఆఖరి అంకం. ఆ పాత్రకు ఆయనకు 2019లో, 2021లో డేటైమ్ ఎమ్మీ అవార్డులు వచ్చాయి. 'ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్'లో డైనాగా మార్లా ఆడమ్స్ చేసిన అల్జీమర్స్ ట్రాక్ 2017 నుంచి 2020 అక్టోబర్ దాకా సాగింది. ఆమెకూ 2021లో ఎమ్మీ వచ్చింది. ఈ ఇద్దరూ కథానాయకుల తల్లో తండ్రో. వారానికి ఐదు రోజులూ కనిపించాల్సిన పనిలేదు. నెలల తరబడి మాయమైనా కథ ఆగదు. అందుకే మూడేళ్లు లాగగలిగారు. బ్రిటన్ సీరియళ్లలో జబ్బు పడింది కథ మధ్యలో ఉన్న పాత్రలే. అంత నెమ్మదితనాన్ని భరించే వెసులుబాటు వాటికి తక్కువ.

ఈ తేడా ఒక ఆధారంగా పనికొస్తుంది. జబ్బు పడింది కేంద్ర పాత్రా, కేంద్ర పాత్రకు కన్నవాళ్లా? కన్నవాళ్లయితే ట్రాక్ అసలు ఉద్దేశం కొడుకో కూతురో ఎలా మారుతారన్నది. చావు దాదాపు ఖాయం, కానీ ఆలస్యంగా. కేంద్ర పాత్రకే వస్తే, రచయితలు ఇల్లు, ఆస్తి, వ్యాపారం ఎవరికి వెళ్తాయో ముందే సర్దడం మొదలుపెడతారు. దుకాణం తాళాలు ఇంకో పాత్ర చేతిలోకి వెళ్తే, ఇంట్లోకి కొత్త తరం మనిషి దిగితే, ఆ పాత్ర లేకపోయినా సెట్ ఖాళీ పడకుండా చూసుకుంటున్నారన్నమాట.

వీటిలో ఎక్కువ భాగం తప్పుగా చూపిస్తారు

మొదటి తప్పు మతిమరుపు ఒక్కదాన్నే చూపించడం. డిమెన్షియాలో ముందుగా దెబ్బతినేవి చాలాసార్లు వరుసక్రమం, కంటి అంచనా: వంట ఏ వరుసలో చేయాలి, బ్యాంకు కాగితం ఎలా నింపాలి, మెట్ల అంచు ఎక్కడుంది, నేలమీద ఉన్నది ముదురు రంగు చాపా, గొయ్యా. దేనిమీదా ఆసక్తి లేకుండా కూర్చునిపోవడం కూడా పెద్ద లక్షణమే. కానీ ఊరికే కూర్చున్న మనిషితో సీన్ నడవదు కాబట్టి దాన్ని వదిలేస్తారు.

రెండోది రహస్యాల యంత్రం. ముప్పై ఏళ్ల పాత్రకు ముప్పై ఏళ్ల రహస్యాలుంటాయి. మతి తప్పింది కదా అని సరిగ్గా పెళ్లి ముహూర్తానికి పాత హత్యో, బిడ్డ అసలు తండ్రి పేరో బయటపెట్టించేస్తారు. పాత జ్ఞాపకాలు నిలుస్తాయి కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. అయితే జబ్బు మనిషి కాలాన్ని కలిపేస్తాడు, పేర్లను మార్చేస్తాడు, సగం చెప్పి ఆగిపోతాడు. పూర్తి వాక్యాల్లో, సాక్ష్యం చెప్పినట్టు రహస్యం బయటికొస్తే అది రచయిత మాటే.

మూడోది మందు. డొనెపెజిల్ రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పడితే నెల తర్వాత 10కి పెంచుతారు. కొందరికి కొన్నాళ్లపాటు లక్షణాలు కొంచెం నిలకడగా ఉంటాయి. జబ్బు ఆగదు. కేవలం వాస్క్యులర్ రకానికి దాన్ని మామూలుగా వాడరు, ఫ్రంటోటెంపోరల్‌కు పనికిరాదు. లెకనెమాబ్, డొనానెమాబ్ అనే కొత్త మందులకు బ్రిటన్‌లో 2024లో అనుమతి వచ్చింది. కానీ ఖర్చుకు తగ్గ ప్రయోజనం లేదని ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో ఇవ్వడానికి, మందుల విలువ తేల్చే నైస్ సంస్థ 2025 జూన్ నాటి తుది ముసాయిదాలో ఒప్పుకోలేదు. కాబట్టి మామూలు కార్మికవాడలో బతికే సీరియల్ పాత్ర ఎన్‌హెచ్ఎస్ క్లినిక్‌లో ఆ ఇంజెక్షన్ తీసుకుని కోలుకున్నట్టు రాస్తే అది అబద్ధం.

నాలుగోది చట్టం. సీరియళ్లు ఇక్కడ చేసే పొరపాట్లు వైద్యంలో చేసేవాటికంటే ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం జబ్బు పేరు పడినంత మాత్రాన మనిషి నిర్ణయాధికారం పోదు. ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం, ఆ సమయానికి విడిగా చూడాలి. తన తరఫున నిర్ణయించే అధికారాన్ని ముందే ఇంకొకరికి రాసిచ్చే పత్రం, లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, రెండు రకాలు: డబ్బు, ఆస్తి ఒకటి, ఆరోగ్యం, సంరక్షణ ఇంకొకటి. మనిషికి అర్థం చేసుకునే శక్తి ఉన్నప్పుడే సంతకం చేయాలి, అర్థమైందని మూడో వ్యక్తి ధ్రువీకరించాలి, పబ్లిక్ గార్డియన్ కార్యాలయంలో రిజిస్టర్ కావాలి. దానికి వారాలు పడుతుంది. సీరియల్‌లో కొడుకు పొద్దున సంతకం పెట్టించుకుని మధ్యాహ్నానికి ఇల్లు అమ్మేస్తాడు. అది కుదరదు. సమయం దాటిపోయాక మిగిలేది కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ ద్వారా, ఆ మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునే డెప్యుటీగా నియామకం, అది ఇంకా నెమ్మది. వీలునామా సంగతీ అంతే. 1870 నాటి బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో తీర్పే ఇప్పటికీ కొలబద్ద. తాను వీలునామా రాస్తున్నానని, తన ఆస్తి సుమారు ఎంతని, తన మీద ఎవరికి హక్కు ఉందని తెలిసి ఉండాలి. అల్జీమర్స్ ఉన్నా ఒక మంచి రోజున రాసిన వీలునామా చెల్లవచ్చు. ఆ మంచి రోజు నిజంగా మంచి రోజేనా అన్న వాదన మీదే ఆరు నెలల కథ నడుస్తుంది, పేలుళ్లేవీ అక్కర్లేదు.

కారు సంగతి కూడా వదిలేస్తారు. డిమెన్షియా నిర్ధారణ అయితే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకు తెలియజేయాలి. దాచితే 1,000 పౌండ్ల దాకా జరిమానా. తాళాలు లాక్కునే సీన్ జబ్బు కుటుంబాల్లో నిజంగా జరిగే అతి పెద్ద గొడవల్లో ఒకటి. దాన్ని రాయకుండా చిన్నపిల్లల ఫొటో ఆల్బం సీన్ రాసేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. ఇంటినుంచి వెళ్లిపోయే సీన్ అయినా అంతే. బ్రిటన్ పోలీసులు హెర్బర్ట్ ప్రోటోకాల్ అనే ఫారం నడుపుతారు. పాత చిరునామాలు, ఒకప్పటి ఆఫీసు, ఇష్టమైన చోట్లు, తాజా ఫొటో ముందే రాసిపెట్టుకుంటే వెతకడం వేగమవుతుంది. తప్పిపోయిన పాత్రను వెతకడానికి ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని పేరు పెట్టి అరిచే బదులు, ఆమె ముప్పై ఏళ్ల క్రితం ఉన్న ఇంటికి ఎవరైనా వెళ్తే ఎక్కువసార్లు దొరుకుతుంది. పాత సీరియల్‌కు ఆ పాత ఇల్లు సెట్ కూడా ఉంటుంది.

చివరిది, చూపించనిది: రాత్రుళ్లు. సాయంత్రం ముదిరే ఆందోళన, నిద్రలేమి, మలమూత్రాల మీద అదుపు పోవడం, కొట్టబోవడం. యాష్లీ ట్రాక్‌లో వీటిలో కొంత వచ్చింది. చాలావాటిలో రాదు. ప్రసార సమయం రాత్రి తొమ్మిది లోపు, అంటే పిల్లలు కూడా చూసే వేళ కావడం దీనికి ఒక కారణం. సంరక్షకురాలి అలసటను మూడు వారాల పాటు చూపిస్తే రేటింగ్ పడుతుందన్న భయం ఇంకో కారణం.

నటుల వైపు నుంచి

అరవైలు, డెబ్బైలు దాటిన నటులకు డిమెన్షియా పాత్ర తేలిక అని బయట ఒక మాట ఉంది. డైలాగ్ తప్పినా పాత్రలో కలిసిపోతుందని. అది తిరకాసు. మామూలు సీన్‌లో ఎదుటివాడి ప్రశ్నే తర్వాతి మాటను గుర్తుచేస్తుంది. డిమెన్షియా సంభాషణలో మాటకు మాటకు పొంతన ఉండదు. తెగిన వాక్యం అదే చోట తెగాలి, తప్పు పేరు అదే తప్పు పేరు కావాలి. గుర్తుపెట్టుకోవడం రెట్టింపు కష్టం. పైగా సీన్లు వరుసలో తీయరు, ప్రసారానికి వారాల ముందే షూటింగ్ అవుతుంది. ఈ రోజు తీసే సీన్ కథలో మార్చిదా, జూన్‌దా? ఆనాటికి పాత్రకు మనవరాలు గుర్తుందా? గుండీలు పెట్టుకోగలదా? చేతిలో కప్పు ఏ రకంది? వీటికి ఒక దశల పట్టిక లేకపోతే నిన్న మాట పోయిన మనిషి ఇవాళ గడగడా మాట్లాడేస్తాడు. ప్రేక్షకులు దాన్ని క్షమించరు. 2026 జనవరి నుంచి 'కొరొనేషన్ స్ట్రీట్', 'ఎమ్మర్‌డేల్' రెండూ వారానికి ఐదు అరగంట ఎపిసోడ్ల చొప్పున వస్తున్నాయి. ఏడాదికి సుమారు 260. అంత మోతాదులో దశల్ని నిలబెట్టడం చిన్న పని కాదు.

నటుడి ఆరోగ్యాన్నీ పాత్ర ఆరోగ్యాన్నీ కలిపేసే ఊహాగానాలు తరచూ తప్పుతాయి. 'ఈస్ట్‌ఎండర్స్' పెగ్గీ మిచెల్‌గా చేసిన బార్బరా విండ్సర్‌కు 2014లో అల్జీమర్స్ నిర్ధారణ అయింది. బయటికి తెలిసింది 2018 మేలో. పెగ్గీ 2016 మేలో వెళ్లిపోయింది, కానీ రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిన కథతో. నటికి ఉన్న జబ్బు పాత్రకు ఇవ్వలేదు. అదే సీరియల్‌లో జూన్ బ్రౌన్ 2020లో డాట్ పాత్ర మానేసినప్పుడు ఆ పాత్రను ఐర్లండ్ పంపించారు. ఆమె 2022 ఏప్రిల్‌లో చనిపోయాక, అదే డిసెంబర్‌లో తెర మీద అంత్యక్రియలు జరిపించారు. నటులు అలసిపోతే నిర్మాతలకు ఇలాంటి దారులున్నాయి. డిమెన్షియా ట్రాక్ మాత్రం అలసిన నటుడికి ఇచ్చేది కాదు. చివరి ఏడాదిన్నర రెండేళ్లు మామూలుకంటే ఎక్కువ పని చేయడానికి ఒప్పుకున్న నటుడికే ఇవ్వగలరు. కాంట్రాక్టు తక్కువ మిగిలిన నటుడికి ఈ జబ్బు తగిలించారంటే, బాల్డ్విన్ తరహా వేగం ఊహించవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. సీరియళ్లకు చచ్చినవాళ్లను బతికించే అలవాటు. 'ఈస్ట్‌ఎండర్స్' 1989లో చంపేసిన డెన్ వాట్స్‌ను 2003లో వెనక్కి తెచ్చింది, 2006లో పోయిందన్న కేథీ 2015లో నడుచుకుంటూ వచ్చింది. తలకు దెబ్బ తగిలి గతం మరిచిన పాత్రకు ఇంకో దెబ్బతో గతం తిరిగొస్తుంది. డిమెన్షియాకు ఆ సదుపాయం లేదు. ఒకసారి నిర్ధారణ చూపించాక పాత్ర తెర మీద ఉన్నా, లేకున్నా వెనక్కి రాగలిగేది ఇంకా దిగజారిన స్థితిలోనే. అందుకే పాత్ర మీద భవిష్యత్తులో ఆశ ఉన్న నిర్మాత ఈ జబ్బును ముట్టుకోడు.

అయితే చంపకుండా పంపే దారి ఒకటుంది: కేర్ హోమ్. నిజ జీవితానికి దగ్గరగా ఉండేది ఇదే. జబ్బు ముదిరినవాళ్లు ఏడాది, రెండేళ్లు అక్కడే గడుపుతారు. నాటకపరంగా మాత్రం ఇది బలహీనం. పాత్ర ఉంది, కానీ కథలో లేదు. రెండు నెలలు 'అమ్మను చూసొచ్చా' అనే డైలాగులు వస్తాయి, మూడో నెల నుంచి ఎవరూ పేరెత్తరు. ఇలా మరిచిపోవడాన్ని కథలో భాగం చేసి, వెళ్లడం మానేసిన కొడుకుని ఎవరైనా నిలదీసే సీన్ రాస్తే ఈ దారి బలపడుతుంది. అప్పుడప్పుడూ నటుడు ఒక రోజు షూటింగుకు వచ్చి వెళ్లవచ్చు. ఖర్చు తక్కువ, నిజం ఎక్కువ.

కాబట్టి ప్రస్తుతం ఏదైనా పాత పాత్ర పేర్లు మరిచిపోతుంటే చూడాల్సినవి ఇవి. మెమరీ క్లినిక్ సీన్ వచ్చిందా, జబ్బు రకం పేరు చెప్పారా? అనుకోకుండా దగ్గు, ఛాతీ నొప్పి, జారిపడడం లాంటివి మొదలయ్యాయా? ముదిరిన డిమెన్షియాలో మింగడం కష్టమై ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవడం, దాంతో న్యుమోనియా రావడం మామూలు. భోజనం సీన్‌లో పొలమారడాన్ని రచయితలు ఊరికే రాయరు. పవర్ ఆఫ్ అటార్నీ మాట వచ్చిందా, తాళాలు చేతులు మారాయా? పాత పాత్ర ఎవరైనా అతిథిగా తిరిగొస్తున్నారా? ఇవేవీ లేకుండా మతిమరుపు సీన్లు మాత్రమే నెలల తరబడి వస్తుంటే, నిర్మాతలు ఇంకా తేల్చుకోలేదని అర్థం. బి12 ఇంజెక్షన్‌తో కథ ముగిసినా ఆశ్చర్యపోనక్కర్లేదు.